పెరటి కలుపునకు ఇంటి మందులు: ఏది పనిచేయును, ఏది నేలను చెరచును

పెరటి మడిలో విత్తనము వేసిన వారము దినములకు మొదట తల యెత్తునది మనము వేసిన బెండ కాదు, వంగ కాదు, కలుపు. బెండ రెండాకులు విప్పునప్పటికి గలిజేరు జానెడు నేలను పరచుకొనియుండును. కూరగాయలకు మొదటి 30 నుండి 45 దినములే కలుపువలన ఎక్కువ నష్టము కలుగు కాలము. ఆ దినములలో పైరునకు అందవలసిన నీరు, ఎరువు, వెలుతురు కలుపు పాలైనచో, తరువాత ఎంత శ్రద్ధ చూపినను కాపు సరిగా రాదు. ఉల్లివంటి సన్నని ఆకు పంటకు ఈ బెడద చివరివరకు ఉండును, దాని ఆకు నేలకు నీడనీయదు గనుక.

పొలములో వాడు కలుపు మందులను పెరటిలో వాడకుండుటే మంచిది. రెండు మూడు సెంట్ల నేలలో పది రకముల కూరగాయలుండును. ఒక పంటను విడిచిపెట్టు మందు ప్రక్క పంటను చంపును. అందుచే పలువురు వంటింటి వైపు చూచుచున్నారు. ఉప్పు నీరు, వెనిగర్, మరగిన నీరు, గోమూత్రము, నిమ్మరసము, బూడిద - వీటితో కలుపు చచ్చునని చెప్పుట ఇటీవల ఎక్కువైనది. ఇందులో కొంత నిజము, కొంత భ్రమ, కొంత ప్రమాదము కలవు. ఇంటిలోని వస్తువు గనుక హాని చేయదనుకొనుట పొరపాటు.

కలుపు ప్రాణము ఎక్కడ నున్నది?

మందు సంగతి చూచుటకు ముందు కలుపు ఎక్కడ బ్రతుకుచున్నదో చూడవలెను. గలిజేరు, చిలుక తోటకూర, గంగపాయల కూర (తెలంగాణమున గంగవాయిలి కూర యందురు), వావింట, గునుగు - ఇవి గింజవలన వచ్చునవి. గునుగు పూవు బతుకమ్మకు ఎంత అందమో, ఆ పూవునుండి రాలు గింజ మడికి అంత బరువు. తుంగ, గరిక, దర్భ అట్లు కావు. వాటి బలము భూమిలోని గడ్డలలో, వేరు కాండములలో ఉన్నది. పై ఆకు మాడిపోయినను అవి కొద్ది దినములలో మరల చిగిర్చును.

ఆకుమీద చల్లు ఇంటి మందులన్నియు తాము తాకిన పచ్చదనమును మాడ్చునవే. లోనికి దిగి గడ్డను చంపు శక్తి వాటికి లేదు. మట్టిలో నిద్రించుచున్న గింజను అవి తాకవు. దీనినిబట్టి ఒక సూత్రము తేలుచున్నది: రెండాకుల లేత గింజ కలుపుపై ఇవి కొంత పనిచేయును, ముదిరిన మొక్కపై తక్కువ, తుంగ గరికలపై తాత్కాలికము. ఇక వేరును కూడ దెబ్బతీయు వస్తువు వంటింటిలో ఒక్కటే కలదు. అది ఉప్పు. చిక్కంతయు దానితోనే వచ్చుచున్నది.

ఉప్పు

"పది లీటర్ల గోమూత్రములో రెండు కిలోల ఉప్పు వేసి, నిమ్మరసము పిండి చల్లుడు, కలుపు మాడిపోవును" అను మాట పల్లెలలో వినబడుచున్నది. మాడిపోవు మాట నిజమే. చల్లిన మరునాటికే ఆకులు వాడి ముడుచుకొనును. అయితే ఆ పనిలో హెచ్చు భాగము చేసినది ఉప్పు. గోమూత్రమును నీరు కలుపక చల్లిన అందలి యూరియావలన, లవణములవలన ఆకు కొంత మాడును. పదిరెట్ల నీరు కలిపి చల్లినచో అది ఎరువే యగును, కలుపునకు కూడ. ఇక నిమ్మరసములో నూటికి అయిదారు పాళ్లు పులుపుండును. పది లీటర్లలో అరడజను కాయలు పిండిన ఆ పులుపు లెక్కకు రాదు. మరికొందరు ఇందులోనే సున్నము కూడ కలుపుమందురు. సున్నము, పులుపు ఒకదానినొకటి చంపుకొనును. ఆ రెంటిని కలిపి ఏమి సాధింతురో తెలియదు.

ఆకు మాడిన తరువాత ఉప్పు ఎక్కడికి పోవును? యూరియావలె అది మార్పు చెందదు, పులుపువలె సూక్ష్మజీవులు తినివేయునది కాదు. వాన వచ్చిననో, నీరు పెట్టిననో మట్టిలోనికి దిగి అక్కడనే యుండును. ఎంత ఉండునో లెక్క వేసి చూడుడు. ఒక సెంటు నేల సుమారు 40 చదరపు మీటర్లు. అందు పై ఆరంగుళముల మట్టి ఎనిమిది టన్నులకు పైబడి తూగును. ఆ మట్టి పూర్తిగా తడిసి ముద్దయైనప్పుడు సుమారు 3,000 లీటర్ల నీరు పట్టును. అందులో రెండు కిలోల ఉప్పు కరిగిన, లీటరుకు గ్రాములో మూడింట రెండు పాళ్లు వచ్చును. ఇది చాల తక్కువ యనిపించును. కాని మట్టి ముద్దనుండి తీసిన నీటి లవణ సూచికను ఇది ఇంచుమించు 1.2 వరకు పెంచును. బీన్సు, కారట్టు పంటలకు ఈ సూచిక 1 దాటినది మొదలు దిగుబడి తగ్గును. ఉల్లికి, ముల్లంగికి హద్దు 1.2. టమాటా 2.5 వరకు ఓర్చుకొనును. సంవత్సరములో మూడు పర్యాయములు ఇట్లే చల్లి, మంచి వాన కడిగివేయనిచో, బీన్సు దిగుబడి సగమునకు పైగా పడిపోవుటకు అది చాలును. (భూసార పరీక్ష పత్రములో వచ్చు లవణ సూచికను ఎక్కువ నీటిలో కలిపి కొలుతురు గనుక ఆ అంకె ఇంతకంటె తక్కువగా కనబడును. ఈ రెంటిని పోల్చరాదు.)

ఇంకొక కీడు కలదు. ఉప్పులోని సోడియము బంకమట్టి రేణువులను విడగొట్టును. నల్లరేగడిలో ఇది మరింత చెరుపు. తడిసిన జిగురై, ఎండిన గట్టి పెచ్చు కట్టి, నీరు లోనికి దిగక నిలువయుండును. చౌడు నేల ఎట్లుండునో మన రైతులకు ఒకరు చెప్పనక్కరలేదు. చౌడును బాగుచేయుటకు జిప్సము తోలి, మంచి నీరు కట్టి, మురుగు కాలువలు తీసి ఏండ్లకొలది శ్రమపడువారు మన జిల్లాలలో ఎందరో కలరు. బోరు నీరే కొంచెము ఉప్పగానున్న ఊళ్లలో పెరటి మడికి చేజేతుల ఉప్పు చేర్చుట ఎంత అనర్థమో వారికే బాగుగా తెలియును.

కొబ్బరి చెట్టుకు ఉప్పు వేయుట లేదా యని అడుగవచ్చును. కొబ్బరి సముద్రపుటొడ్డున పెరుగు చెట్టు, ఉప్పునకు ఓర్చును. చిక్కుడు పాదు అట్టిది కాదు.

కనుక పంట మడిలో, పండ్ల చెట్టు పాదులో ఉప్పు నీరు ఒక్కసారియైనను చల్లరాదు. ఎన్నడును పంట వేయని చోట, అనగా రాళ్లు పరచిన నడవలోను, గేటు ముందరి బండల సందులలోను వాడుకొనవచ్చును. అక్కడను నీటి వాలు మడివైపు లేకుండ చూచుకొనవలెను. గోడ మొదట పోయరాదు. ఉప్పు ఇటుకలోనికి ఎక్కి సున్నపు పూత పెచ్చులూడును. చల్లిన డబ్బాను, స్ప్రేయరును మంచినీటితో రెండు మూడు సార్లు కడుగనిచో ఇత్తడి, ఇనుప భాగములు త్రుప్పు పట్టిపోవును.

ఇదివరకే చల్లియున్నచో బెంగపడి మడిని విడిచిపెట్టనక్కరలేదు. మడికి ఒక ప్రక్క మురుగు కాలువ తీసి, ఉప్పదనము లేని నీరు నిండుగా కట్టి, అది దిగిన తరువాత మరల కట్టవలెను. తొలకరి పెద్ద వానలు ఈ పనిని ఉచితముగా చేసిపెట్టును, కాలువ మాత్రము ముందే తీసియుంచవలెను. బరువు నేలయైనచో భూసార పరీక్ష చేయించి, జిప్సము ఎంత కావలయునో తెలిసికొని వేసిన తరువాత నీరు కట్టుట మేలు. పశువుల ఎరువు బాగుగా వేసి, మొదటి పంటగా బీన్సు, ఉల్లి కాక టమాటా వేయుట మంచిది.

వెనిగర్

అంగడిలో దొరకు వంట వెనిగరులో నూటికి నాలుగైదు పాళ్లు ఎసిటిక్ ఆమ్లముండును. ఇది ఆకు పొరను ఛేదించి తడియారజేయును. ఎండ తీక్షణముగా నుండి గాలి లేనప్పుడు, రెండాకుల వయసున్న వెడల్పాకు కలుపుపై పూర్తిగా తడియునట్లు చల్లిన కొన్ని గంటలలో పని కనబడును. నాలుగాకులు దాటిన మొక్క కోలుకొనును. గడ్డి జాతులు మరల చిగిర్చును, వాటి మొవ్వు నేలను అంటుకొని లోపలనుండును గనుక. కొన్ని ఆకులపై నీరు నిలువక జారిపోవును. కొంచెము కుంకుడు రసము కలిపిన మందు ఆకును పట్టుకొనును. బట్టల సోడా, సబ్బు పొడి కలుపరాదు, వాటిలోను సోడియము కలదు.

వెనిగరులోని మంచి గుణమేమనగా, మట్టిలోపడినది కొద్ది దినములలో సూక్ష్మజీవులవలన విరిగిపోవును, ఉప్పువలె నిలువయుండదు. చెడుగుణము ఖర్చు. ఒక సెంటంతయు తడుపుటకు కొను వెనిగరు వెలతో కొంతసేపు కూలి మనిషిని పెట్టి కలుపు తీయించుకొనవచ్చును. వంట వెనిగరు చాలలేదని గాఢమైన ఎసిటిక్ ఆమ్లమును కొని తెచ్చి కలుపుకొనువారు జాగ్రత్తపడవలెను. నూటికి 20 పాళ్ల ఆమ్లము చర్మమును కాల్చును, కంటిలో పడిన చూపునకు ప్రమాదము. పిల్లలు తిరుగాడు పెరటిలో దానికి చోటులేదు.

మరగిన నీరు, వేడి గంజి

ఇది మంచి ఉపాయమే, కాని చిన్న చోట్లకు మాత్రమే. బండల సందులలోను, గట్టు అంచులలోను మొలచిన లేత కలుపుపై పొయ్యిమీదినుండి దించిన నీరు వెంటనే పోసిన చచ్చును. బిందె మోసికొని పెరటి చివరకు పోవునప్పటికి సగము వేడి తగ్గును, పని కూడ సగమే యగును. మడిలో పోసిన వానపాములు, పైరు వేళ్లు కూడ ఉడికిపోవును. అన్నము వార్చిన గంజిని ఎట్లును పారబోయువారు వేడి మీదనే బండల సందులలో పోసికొనవచ్చును. కేవలము కలుపు కొరకు కట్టెలు కాల్చి నీరు మరిగించుట లాభసాటి కాదు.

బూడిద కలుపును చంపదు. అది పొటాషు, సున్నము ఇచ్చు ఎరువు. క్షారము ఎక్కువైన నేలలకు దానిని అతిగా వేయుట మంచిది కాదు. వేప, నీలగిరి ఆకుల కషాయములు గిన్నెలో మొలకలను అణచినట్లు కనబడును గాని, ఆరుబయట మట్టిలో ఆ ఫలితము నిలకడగా రాదు. జొన్న మాత్రము చెప్పుకొనదగినది. జొన్న వేళ్లనుండి ఊరు ఒక పదార్థము ఇతర మొలకలను అణచును. జొన్న మోళ్లున్న చేనిలో తరువాతి పైరు మొదట కుంటువడుటకు ఇదియు ఒక కారణము. జొన్న చొప్పను మడిమీద కప్పుగా వాడిన నీడ, ఈ గుణము రెండును కలిసివచ్చును. నారు మొక్కలు నాటిన మడిలోనే దీనిని వాడవలెను, నేరుగా చిన్న విత్తనములు వేసిన మడిలో కాదు.

మొలిపించి చంపుట

గింజ కలుపునకు ఇంతకంటె చవుకయైన మందు లేదు. మడిని దున్ని, చదునుచేసి, ఎరువు వేసి, విత్తనము వేయుటకు సిద్ధము చేయుడు. కాని విత్తనము వేయవద్దు. ఒక తడి ఇచ్చి వారము పది దినములు వేచియుండుడు. పై పొరలోని కలుపు గింజలు పచ్చగా మొలచును. ఎండవేళ దోకుడుపారతో పైపైన, అంగుళము లోతునకు మించకుండ గీకివేయుడు. మరల ఒక తడి, మరల ఒక గీకుడు. అటుపిమ్మట విత్తుకొనుడు.

ఇక్కడ ఒక్క సంగతి మరువరాదు. రెండవసారి లోతుగా తవ్విరో, చేసిన పనియంతయు వృథా. సన్నని కలుపు గింజలలో హెచ్చు భాగము అంగుళము లోపలినుండియే మొలచును. లోతున నున్నవి అనేక సంవత్సరములు నిద్రించి, మనము తవ్వి పైకి తెచ్చినప్పుడు వెలుతురు తగిలి మేల్కొనును. మడిని ఎంత ఎక్కువ తిరగదోడిన అంత ఎక్కువ కలుపు వచ్చుటకు ఇదియే కారణము.

పశువుల ఎరువు మగ్గకయే వేసినను ఇదే బెడద. తోటకూర జాతి గింజలు పశువు కడుపులో అరగక పేడతో బయటికి వచ్చి మొలచును. కుప్ప లోపల 55 నుండి 60 డిగ్రీల వేడి పుట్టి, పైది లోపలికి, లోపలిది పైకి రెండు మూడు సార్లు తిరగవేసిన ఎరువులో ఇట్టి గింజలు చాలవరకు నశించును. చేయి పెట్టలేనంత వేడి కుప్పలో పుట్టుట లేదన్న అది మగ్గుట లేదని గ్రహించునది.

గడ్డి కప్పు, ఎండ కాపు

మొలక లేచిన తరువాత సాళ్ల మధ్య గడ్డి పరచవలెను. వరిగడ్డి, చెరకు చెత్త, వేరుసెనగ పొట్టు, ఎండుటాకులు, కొబ్బరి పీచు - ఏది చేరువలో దొరికిన అది. మూడు నాలుగంగుళముల మందము ఉండవలెను. పలుచగా పరచిన వెలుతురు దిగి, తేమ నిలిచి, కలుపు మరింత ఏపుగా వచ్చును. క్రింద గోనె సంచులో, పాత వార్తా పత్రికలు మూడు నాలుగు పొరలో వేసిన మరింత బలము. మొక్క మొదటికి రెండంగుళముల ఖాళీ విడువవలెను, లేనిచో కాండము కుళ్లును. ఎర్ర నేలలలో చెదలు పట్టును గనుక అప్పుడప్పుడు గడ్డి ఎత్తి చూచుచుండవలెను. గింజలు రాలని గడ్డినే వాడవలెను. ఊద గింజలున్న వరిగడ్డిని పరచిన ఊద నాటినట్లే.

ఏప్రిల్, మే నెలలలో మడి ఖాళీగా నున్నచో ఎండనే మందుగా వాడవచ్చును. మడిని చదునుచేసి బాగుగా తడిపి, పారదర్శకమైన పలుచని పాలిథీన్ పట్టాను నేలకు అంటునట్లు పరచి, అంచులు మట్టితో కప్పి, 4 నుండి 6 వారములు కదపక ఉంచవలెను. నల్ల పట్టా ఇందులకు అంతగా పనికిరాదు, వేడి పట్టాలోనే నిలిచిపోవును. పై రెండంగుళముల మట్టి 50 డిగ్రీల వరకు, ఒక్కొకచో అంతకు మించి వేడెక్కి చాల రకముల కలుపు గింజలు చచ్చును. పట్టా తీసిన తరువాత తవ్వకుండ నాటుకొనవలెను.

తుంగ

పై పద్ధతులన్నిటిని ఓడించునది తుంగ. దాని మొన సూదివంటిది, పాలిథీన్ పట్టానుకూడ చీల్చుకొని వచ్చును. గడ్డి కప్పు దానికి అడ్డు కాదు. భూమిలో ఒక గడ్డనుండి ఇంకొక గడ్డకు పలుచని తీగవంటి వేరు కాండము సాగి గొలుసువలె అల్లుకొనియుండును. పైన పీకినపుడు తీగ తెగి, అంతవరకు నిద్రించుచున్న క్రింది గడ్డలు మేల్కొని, ఒకదానికి బదులు మూడు పిలకలు వచ్చును. "పీకినకొలది పెరుగును" అని ఆడవారు విసుగుకొనుట ఉత్తమాట కాదు.

దాని బలహీనతలు రెండు. ఒకటి, గడ్డలో హెచ్చు భాగము పై ఆరంగుళములలోనే యుండును, ఎండకు తట్టుకొనలేదు. మండు వేసవిలో పొడి మడిని గునపముతో ఆరంగుళములు పెళ్లగించి, గడ్డలు పైకి వచ్చునట్లు తిరగవేసి, తడి తగులనీయక రెండు వారములు ఎండబెట్టిన చాల గడ్డలు ఎండిపోవును. నడుమ ఒక వాన పడిన మరల తిరగవేయవలెను. గింజ కలుపునకు లోతు తవ్వకము తగదని పైన చెప్పితిమి. తుంగ బలిసిన మడిలో మాత్రము ఈ ఒక్క వేసవి తవ్వకము తప్పదు. తవ్విన పిమ్మట మొలిపించి చంపు పని జరుపుకొనవలెను.

రెండవది, తుంగ నీడకు ఓర్వదు. పెళ్లగించిన మడిలో తొలకరికి అలసంద గాని చిలగడదుంప గాని గుమ్మడి గాని దట్టముగా వేసి నేల కనబడకుండ తీగ ప్రాకించిన తుంగ పలుచబడును. తీగ కమ్మువరకు వచ్చిన పిలకలను రెండు మూడు వారముల కొకసారి, అయిదారాకులు రాకముందే, లోతుగా తొలికతో త్రవ్వి తీయవలెను. మొలచిన నాలుగారు వారములకు క్రొత్త గడ్డలు ఊరనారంభించును. ఆలోగా తీసినంతకాలము అది కూడబెట్టిన బలమును ఖర్చు చేయుచునే యుండును. ఒక్క ఏటిలో తుంగ పోవునని ఎవరైన చెప్పిన నమ్మవద్దు. రెండు వేసవులు, రెండు తొలకరులు ఓపిక పట్టిన మడి చేతికి వచ్చును.

వయ్యారిభామ

కంచె ప్రక్క, ఇంటి ముందర తెల్లపూలతో కనబడు వయ్యారిభామ మన దేశమున 1955లో పూనాలో మొదట గుర్తింపబడి, తరువాత దేశమంతట వ్యాపించినది. ఒక్క మొక్క వేలకొలది గింజలు రాల్చును. దానిని తాకుటవలన కొందరికి ఒడలు దురద, పొక్కులు, పుప్పొడివలన ఉబ్బసము వచ్చును. వట్టి చేతులతో పీకరాదు. చేతికి తొడుగులు గాని పాలిథీన్ సంచి గాని తొడిగికొని, వాన పడి నేల మెత్తగానున్నప్పుడు, పూతకు ముందే వేరుతో లాగవలెను. పంట వేయని బంజరులో నూటికి 15 నుండి 20 పాళ్ల ఉప్పు నీరు దీనిపై చల్లుట వాడుకలో నున్న పద్ధతియే. పైన చెప్పిన కారణములచేత మడికి, బావికి దూరముగా మాత్రమే.

ఈ మొక్కపై వానకాలములో చారల రెక్కల చిన్న పెంకుపురుగులు ఆకులు కొరుకుచు కనబడవచ్చును. వీటిని మెక్సికోనుండి తెప్పించి 1984లో బెంగుళూరు ప్రాంతమున విడిచిరి. వాటిని చంపవద్దు. వీలైన పురుగులున్న మొక్కలనుండి కొన్నింటిని డబ్బాలో పట్టి, లేని చోట విడువవచ్చును. కంచె వెంబడి తగిరిస గింజలు చల్లిన, ఆ మొక్కలు గుబురుగా లేచి వయ్యారిభామ మొలకలను అణచును.

పీకిన కలుపును ఏమి చేయవలెను?

గంగపాయల కూరను పీకి మడిలోనే పడవేసిన, కొంచెము తేమ తగిలిన చాలు, తెగిన కాడనుండి మరల వేరు విడుచును. పూసిన మొక్కలో గింజ ముదురుట కూడ ఆగదు. దానిని బండమీద ఎండబెట్టవలెను. మందులు, ఉప్పు నీరు తాకని మడిలోనిదైనచో లేతగానుండగనే కోసి పప్పులో వేసికొనుట మరియొక మార్గము. పొన్నగంటి, చిలుక తోటకూర విషయమును ఇంతే. గింజ పట్టని పచ్చి కలుపు కంపోస్టు కుప్పకు మంచి సరకు. గింజ పట్టినదానిని కుప్ప నడుమ, వేడి పుట్టు చోట మాత్రమే వేయవలెను. తుంగ గడ్డలను, గరిక వేళ్లను కుప్పలో వేయరాదు. బండమీద పరచి, విరిచిన ఫెళ్లుమనునంతవరకు ఎండనిచ్చి కాల్చివేసి, ఆ బూడిదను మడికి చల్లుకొనవచ్చును.